లూథరన్ సంఘంలో కాపరి మార్పు

లూథరన్ సంఘంలో కాపరి మార్పు అనగా ఒక స్థానిక లూథరన్ క్రైస్తవ సంఘంలో సేవ చేస్తున్న పాస్టరు (కాపరి) పదవీ విరమణ, బదిలీ, రాజీనామా లేదా మరణం వలన వెళ్ళిపోయినప్పటి నుండి, కొత్త పాస్టరు వచ్చి కుదురుకునే వరకు జరిగే ప్రక్రియ. ఇది కేవలం ఉద్యోగ నియామకానికి సంబంధించిన వ్యవహారం కాదు. కాపరి లేని కాలంలో ఆరాధనను ఎవరు నడిపించాలి, పిల్లలకు బాప్తిస్మం ఎవరు ఇవ్వాలి, మరణశయ్యపై ఉన్నవారిని ఎవరు పరామర్శించాలి, సంఘపు ఆస్తులకు, లెక్కలకు ఎవరు బాధ్యులు అనే ప్రశ్నలన్నీ ఇందులో ఇమిడి ఉన్నాయి. ఈ మధ్యకాలంలో కొన్ని సంఘాలు చీలిపోయాయి, కొన్ని మూతపడ్డాయి, మరికొన్ని మునుపటికంటె బలపడ్డాయి. ఈ తేడాకు కారణాలు లూథరన్ సంఘ చరిత్రలోను, సిద్ధాంతంలోను కనిపిస్తాయి. తెలుగునాట గుంటూరు, రాజమండ్రి సంఘాల తొలి చరిత్ర కూడా చాలావరకు ఇటువంటి మార్పుల చరిత్రయే.

సిద్ధాంత నేపథ్యం

1530లో చక్రవర్తి ఐదవ చార్లెస్ ఎదుట సమర్పించబడిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన లూథరన్ సంఘాలకు మూల ప్రమాణం. ఇందులోని నాలుగు అధికరణాలు కాపరి మార్పుకు నేరుగా సంబంధించినవి. ఐదవ అధికరణం ప్రకారం సువార్తను బోధించి సంస్కారములను (అనగా బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము) అందించే పరిచర్యను దేవుడే ఏర్పాటు చేశాడు. సువార్త శుద్ధంగా బోధింపబడి, సంస్కారములు సక్రమంగా నిర్వహింపబడే విశ్వాసుల సమూహమే సంఘమని ఏడవ అధికరణం నిర్వచిస్తుంది. సంస్కారములను అందించే వ్యక్తి చెడ్డవాడైనప్పటికీ వాటి విలువ తగ్గదని ఎనిమిదవది చెబుతుంది. సక్రమమైన పిలుపు లేకుండా ఎవరూ సంఘంలో బహిరంగంగా బోధించరాదని, సంస్కారములను నిర్వహించరాదని పద్నాలుగవది శాసిస్తుంది.

వీటిని కలిపి చదివినప్పుడు ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. పరిచర్య శాశ్వతమైనది, దానిని నిర్వహించే మనిషి తాత్కాలికుడు. పాస్టరు వెళ్ళిపోయినంత మాత్రాన సంఘం సంఘం కాకుండా పోదు. అయితే పాస్టరు లేడు గదా అని ఎవరికి తోచినట్లు వారు ఆ స్థానంలోకి వచ్చి కూర్చోవడానికి కూడా వీలు లేదు. పిలుపు అనే మాటకు లూథరన్ పరిభాషలో ఇంత బరువు ఉండడానికి కారణం ఇదే. నాకు దేవుడు చెప్పాడు అని ఒక వ్యక్తి అనుకోవడం మాత్రమే పిలుపు కాదు. అది సంఘం ద్వారా, బహిరంగంగా, లిఖితపూర్వకంగా రావాలి.

ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు మాత్రం పాస్టరు అందుబాటులో లేనప్పుడు ఏ క్రైస్తవుడైనా, స్త్రీయైనా పురుషుడైనా, బాప్తిస్మం ఇవ్వవచ్చును. ఇది లూథరన్ సంప్రదాయంలో మొదటినుండి ఉన్న వెసులుబాటు.

లైస్నిగ్ పట్టణం, 1523

కాపరిని ఎంచుకునే హక్కు ఎవరిది అనే ప్రశ్న సంస్కరణోద్యమపు తొలి సంవత్సరాలలోనే తలెత్తింది. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో ముల్డె నది ఒడ్డున లైస్నిగ్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడి చర్చికి గురువును నియమించే అధికారం సమీపంలోని బూఖ్ మఠానికి ఉండేది. 1523లో పట్టణ ప్రజలు మఠాధిపతిని కాదని తామే కాపరులను ఎన్నుకొన్నారు, తమ చర్యకు లేఖనాధారం చూపమని మార్టిన్ లూథర్‌ను కోరారు. అందుకు జవాబుగా లూథర్ ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. గొర్రెలు తమ కాపరి స్వరమును గుర్తిస్తాయని యోహాను సువార్త పదవ అధ్యాయంలో ఉన్న మాటలను ఆధారం చేసుకొని, బోధను పరిశీలించి తీర్పు చెప్పే హక్కు, బోధకులను పిలిచే హక్కు, అవసరమైతే తొలగించే హక్కు సంఘానికి ఉన్నాయని వాదించాడు.

లైస్నిగ్ ప్రజలు అంతటితో ఆగలేదు. కాపరి జీతం, ఉపాధ్యాయుని జీతం, పేదల పోషణ, చర్చి మరమ్మతులు అన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి నిధిని ఏర్పాటు చేశారు. దాని నిర్వహణకు పదిమందిని ఎన్నుకొన్నారు. ఇద్దరు ప్రభువంశీయులు, ఇద్దరు పట్టణ సభ సభ్యులు, ముగ్గురు పట్టణవాసులు, ముగ్గురు రైతులు. నిధి ఉంచే పెట్టెకు నాలుగు వేర్వేరు తాళాలు, ఒక్కొక్క వర్గం దగ్గర ఒక్కొక్క తాళపు చెవి. ఏ ఒక్కరూ మిగిలినవారికి తెలియకుండా పెట్టె తెరవలేరు. ఐదువందల సంవత్సరాల క్రితపు ఈ ఏర్పాటు కాపరి లేని నేటి సంఘాల కోశాధికారులకు కూడా పాఠం కాదగినది. కాని ఆచరణలో ఇది అనుకొన్నంత సాఫీగా సాగలేదు. చర్చి ఆస్తులను నిధికి అప్పగించడంలో పట్టణ సభ జాప్యం చేసింది, కాపరులు జీతాలకు ఇబ్బంది పడ్డారు. కాపరిని పిలిచే హక్కుతో పాటు అతనిని పోషించే బాధ్యత కూడా సంఘానిదేనన్న సంగతి అక్కడివారికి ఆలస్యంగా అర్థమయినది.

తరువాత 1527, 1528 సంవత్సరాలలో సాక్సనీ సంఘాలను తనిఖీ చేసినప్పుడు చాలా గ్రామాలలో ప్రజలకు, కొన్నిచోట్ల కాపరులకు కూడా, విశ్వాస ప్రమాణపు ప్రాథమిక విషయాలు తెలియవని బయటపడింది. 1529లో లూథర్ వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరి (చిన్న కటెకిజం) ఈ అనుభవం నుండి పుట్టింది. దానిని ఇంటి యజమాని తన కుటుంబానికి నేర్పే విధంగా వ్రాశాడన్నది గమనించదగిన విషయం. కాపరి ఉన్నా లేకున్నా ఇంటిలో బోధ ఆగకూడదన్న ఉద్దేశం అందులో కనిపిస్తుంది.

పెన్సిల్వేనియా: ఖాళీ స్థానంలోకి వచ్చినవారు

పద్దెనిమిదవ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలస వెళ్ళిన జర్మన్ లూథరన్లకు కాపరులు లేరు. ఫిలడెల్ఫియా, న్యూ ప్రావిడెన్స్, న్యూ హానోవర్ అనే మూడు చోట్ల సంఘాలు ఏకమై 1733లో ఐరోపాకు ప్రతినిధులను పంపి, తమకు ఒక పాస్టరును పంపవలసిందిగా కోరాయి. జీతం ఎంత, ఎవరు పూచీ అనే ఉత్తర ప్రత్యుత్తరాలతోనే ఏళ్ళు గడచిపోయాయి. చివరకు హాలె నగరంలోని భక్తివాద కేంద్రం హెన్రీ మెల్కియోర్ మ్యూలెన్‌బర్గ్‌ను పంపగా, అతడు 1742 నవంబరులో ఫిలడెల్ఫియా చేరాడు.

అప్పటికి ఆ సంఘాలలో ఖాళీ లేదు. న్యూ హానోవర్‌లో వైద్యం చేసుకునే ష్మిడ్ట్ అనే వ్యక్తి తనంతట తానే బోధకుడై కూర్చున్నాడు. ఫిలడెల్ఫియాలో వాలెంటైన్ క్రాఫ్ట్ అనే మరొకరు అధికారం చెలాయిస్తున్నాడు. ఇంకొక వర్గం మొరేవియన్ నాయకుడైన కౌంట్ జింజెండార్ఫ్‌ను తమ పాస్టరుగా భావించింది. మ్యూలెన్‌బర్గ్ తన పిలుపు పత్రాన్ని సంఘాల ముందు ఉంచాడు. కొద్ది వారాలలోనే మూడు సంఘాలు అతనిని అంగీకరించాయి. 1748లో అతడు ఇతర పాస్టర్లతోను, సంఘాల ప్రతినిధులతోను కలిసి పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే ఉమ్మడి సభను స్థాపించాడు. ఒక సంఘంలో కాపరి లేనప్పుడు పక్క సంఘం కాపరి అండగా నిలిచే ఏర్పాటు, కాపరి కాదలచిన వ్యక్తిని పరీక్షించే ఏర్పాటు ఆ సభతో అక్కడ మొదలయ్యాయి. తరువాత సుమారు నూరు సంవత్సరాలకు గుంటూరుకు మొదటి లూథరన్ మిషనరీని పంపినది కూడా ఈ సభయే.

గుంటూరు, రాజమండ్రి సంఘాలు

జాన్ క్రిస్టియన్ ఫ్రెడెరిక్ హయ్యర్ (1793–1873) 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అతనికి ఆశ్రయమిచ్చి ప్రోత్సహించాడు. కొద్ది సంవత్సరాలకే ఆరోగ్యం చెడి హయ్యర్ అమెరికా వెళ్ళవలసి వచ్చింది. 1844లో వచ్చిన వాల్టర్ గన్ సంఘ బాధ్యతలు స్వీకరించాడు. హయ్యర్ బాల్టిమోర్‌లో వైద్యం చదివి పట్టా పుచ్చుకొని తిరిగి వచ్చి, పల్నాడులో గురజాల కేంద్రంగా పనిచేశాడు. గన్ 1851లో గుంటూరులో మరణించాడు. హయ్యర్ 1857లో మళ్ళీ అమెరికా వెళ్ళిపోయాడు. మరుసటి సంవత్సరం వచ్చిన ఎరియాస్ ఉనాంగ్‌స్ట్, 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలంలో డబ్బు, మనుషులు రెండూ కరవైనప్పుడు సంఘాన్ని నిలబెట్టాడు. 1860ల చివర కొంతకాలం అతడొక్కడే ఇక్కడి అమెరికన్ లూథరన్ మిషనరీ.

రాజమండ్రి పరిస్థితి ఇంకా కష్టమైనది. జర్మన్ మిషనరీలు 1845లో ప్రారంభించిన ఆ కేంద్రం 1850 ప్రాంతంలో అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. అక్కడి మిషనరీ లాంగ్ 1866లో మశూచి సోకి మరణించాడు. తరువాత మూడేళ్ళకు పైగా అక్కడ స్థిరంగా ఉండే మిషనరీ లేడు. ఉనాంగ్‌స్ట్ గుంటూరు నుండి పర్యవేక్షించినా, దైనందిన పని స్థానిక తెలుగు సహాయకుల మీదనే నడిచింది. ఈ కేంద్రాన్ని ఆంగ్లికన్లకు చెందిన చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించాలన్న ఏర్పాట్లు జరుగుతుండగా, 1869లో పెన్సిల్వేనియా మినిస్టీరియం సమావేశంలో హయ్యర్ దానిని వ్యతిరేకించి, తానే వెళ్తానని ముందుకు వచ్చాడు. అప్పటికి అతని వయస్సు 76 సంవత్సరాలు! అదే సంవత్సరం చివరికి అతడు రాజమండ్రి చేరాడు. 1870లో ష్మిడ్ట్ (పైన చెప్పిన ష్మిడ్ట్ వేరు) రావడంతో, పని అతనికి అప్పగించి హయ్యర్ తిరిగి వెళ్ళి 1873లో మరణించాడు.

హయ్యర్ ధైర్యాన్ని గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. అది న్యాయమే. అయితే అతడు వచ్చేటప్పటికి అక్కడ అప్పగించడానికి ఒక సంఘమంటూ మిగిలి ఉండడానికి కారకులైన తెలుగువారి గురించి అంతగా వ్రాయలేదు. రాజమండ్రి కేంద్రంలో తోట జోసెఫ్, నేలప్రోలు పౌలు 1878లో పాస్టర్లుగా అభిషేకం పొందారు. మిషనరీ లేని సంవత్సరాల అనుభవం తరువాత, స్థానికులకు పూర్తి పరిచర్య బాధ్యత అప్పగించడంలో ఇది ఒక మలుపు.

గుంటూరు, రాజమండ్రి మిషన్లు ఏకమై 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘము (ఏ.ఇ.ఎల్.సి.) ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు అమెరికన్ మిషనరీ జె. రాయ్ స్ట్రాక్. 1944లో ఇ. ప్రకాశం మొదటి భారతీయ అధ్యక్షుడయ్యాడు. అంటే తెలుగు లూథరన్ సంఘపు అత్యున్నత బాధ్యత తెలుగువారి చేతికి రావడానికి హయ్యర్ రాక నుండి లెక్కిస్తే నూట రెండు సంవత్సరాలు పట్టింది.

నియామక పద్ధతులలో తేడాలు

లూథరన్ సంఘాలన్నిటిలో ఒకే పద్ధతి లేదు. ఆంధ్ర ప్రాంతంలో పాస్టర్లను సాధారణంగా పై వ్యవస్థయే నియమిస్తుంది, బదిలీ చేస్తుంది. ఒక పేరిష్ క్రింద అనేక గ్రామ సంఘాలు ఉంటాయి. ఈ గ్రామ సంఘాలలో అధికభాగం దళితవాడలలో పుట్టినవి. పాస్టరు అన్ని గ్రామాలకు ప్రతి ఆదివారం వెళ్ళలేడు గనుక ఉపదేశి, సంఘ పెద్దలు ఆరాధన నడిపించడం పూర్వం నుండి వాడుక. ఒక విధంగా చూస్తే ఇక్కడి గ్రామ సంఘాలు కాపరి లేని ఆదివారాలకు అలవాటు పడినవే. అమెరికా సంఘాలకు ఆ అలవాటు తక్కువ.

జర్మనీలోని కొన్ని ప్రాంతీయ చర్చిలలో ఒకసారి సంఘం ఎన్నుకుంటే, మరుసటిసారి పై అధికారులు నియమిస్తారు. ఖాళీ కాలంలో పొరుగు పాస్టరు బాధ్యత వహిస్తాడు.

1988లో మూడు సంఘాల విలీనంతో ఏర్పడిన అమెరికా సువార్త లూథరన్ సంఘములో (ఇ.ఎల్.సి.ఏ.) స్థానిక సంఘమే పాస్టరును పిలుస్తుంది. పాస్టరు వెళ్ళిపోగానే సినడు బిషప్పు, సంఘ కౌన్సిలు సంప్రదించుకొని తాత్కాలిక పాస్టరును ఏర్పాటు చేస్తారు. సంఘం సాధారణంగా ఆరుగురు సభ్యుల పిలుపు కమిటీని ఎన్నుకుంటుంది. సంఘ పరిస్థితిని, ఊరి పరిస్థితిని వివరిస్తూ ఒక నివేదిక తయారవుతుంది. బిషప్పు సూచించిన అభ్యర్థులతో కమిటీ మాట్లాడి ఒకరిని కౌన్సిలు ద్వారా సంఘం ముందు ఉంచుతుంది. హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది అంగీకరిస్తేనే పిలుపు పత్రం వెళుతుంది. సగానికి ఒక ఓటు ఎక్కువ వస్తే చాలదు. సంఘంలో సగం మందికి ఇష్టం లేని కాపరి ఎంత సమర్థుడైనా నెగ్గుకు రాలేడన్నది ఈ నియమానికి వెనుక ఉన్న అనుభవం.

మిస్సోరి సినడు లూథరన్ సంఘంలో పద్ధతి కొంత వేరు. అక్కడ మరొకచోట సేవ చేస్తున్న పాస్టరుకు, అతడు దరఖాస్తు చేయకపోయినా, పిలుపు పత్రం రావచ్చును. అప్పుడు అతని చేతిలో రెండు పిలుపులుంటాయి. కొన్ని వారాలు ప్రార్థించి, ఇరుసంఘాలతో మాట్లాడి, ఒకదానిని అంగీకరించి రెండవదానిని గౌరవంగా తిరిగి పంపుతాడు. సెమినరీలో చదువు ముగించినవారికి మాత్రం మొదటి స్థానాన్ని సినడే కేటాయిస్తుంది.

మధ్యకాలంలో చేయవలసిన పనులు

కాపరి లేని కాలాన్ని వీలైనంత త్వరగా దాటవలసిన కష్టకాలంగా చూడడం ఒకప్పటి పద్ధతి. ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగంలో ఈ దృష్టి మారింది. ఆల్బన్ ఇన్‌స్టిట్యూట్ (1974–2014) స్థాపకుడు, ఎపిస్కోపల్ గురువు అయిన లారెన్ మీడ్ ఈ కాలంలో సంఘం చేయవలసిన పనులను ఐదుగా గుర్తించాడు. తన గతంతో సమాధానపడడం, తాను ఇప్పుడు ఎవరో తెలుసుకోవడం, స్థానిక నాయకత్వంలో వచ్చే మార్పులకు చోటివ్వడం, పై సంఘంతో సంబంధాన్ని సరిచూసుకోవడం, కొత్త కాపరికి మనస్ఫూర్తిగా సిద్ధపడడం. లూథరన్లతో సహా అనేక ప్రొటెస్టెంటు సంఘాలు ఈ విభజనను స్వీకరించాయి.

వీటిలో మొదటిదే అన్నిటికంటె కష్టమైనది. ముప్పై ఏళ్ళు సేవ చేసిన పాస్టరు వెళ్ళిపోతే సంఘం దుఃఖంలో ఉంటుంది. ఆ దుఃఖం కొత్త పాస్టరు మీద కోపంగా బయటపడుతుంది. ఆయన చేసే ప్రతి పనికి "పాత అయ్యగారు ఇలా చేసేవారు కాదు" అనే మాట ఎదురవుతుంది. తగాదా మధ్య పాస్టరు వెళ్ళిపోయినచోట పరిస్థితి ఇంకా సున్నితమైనది. తగాదాకు కారణమైన విషయం (డబ్బు, కుటుంబాల మధ్య పోటీ, కులం, స్థలం) అలాగే ఉండిపోయి, పాస్టరు మాత్రమే మారితే మూడు నాలుగు సంవత్సరాలలో అదే కథ పునరావృతం అవుతుంది. అందుచేత జరిగినదానిని సభ్యులు ఒకరి ఎదుట ఒకరు చెప్పుకొనే సందర్భాన్ని తాత్కాలిక పాస్టరు కల్పిస్తాడు. అతడు సాధారణంగా ఆ స్థానానికి అభ్యర్థి కాడు గనుక ఎవరినీ మెప్పించవలసిన అవసరం అతనికి లేదు. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన లూథరన్ ఆరాధనలో ఎప్పుడూ ఉండే భాగాలే. తగాదా జరిగిన సంఘంలో ఆ మాటలు పలకడం అంత తేలిక కాదు.

వెళ్ళిపోయిన పాస్టరు పాత్ర కూడా ముఖ్యం. అతడు ఆ తరువాత ఆ సంఘంలో పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు జరిపించడానికి కొత్త పాస్టరు ఆహ్వానం లేకుండా రాకూడదన్నది చాలాచోట్ల కట్టుబాటు. సభ్యులకు ఇది కఠినంగా తోస్తుంది. తమను ఎత్తుకొని బాప్తిస్మమిచ్చిన అయ్యగారే తమ పెళ్ళి చేయాలని కోరుకోవడం సహజమే కదా. కాని బడిలో కొత్త ప్రధానోపాధ్యాయుడు కుర్చీలో ఉండగా పాతవారు రోజూ వచ్చి వరండాలో కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకొంటే ఈ కట్టుబాటు అవసరం తెలుస్తుంది.

ఇక వ్రాతకోతల సంగతి. బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు, సభ్యుల జాబితా, ఆస్తి పత్రాలు, బ్యాంకు పుస్తకాలు, తాళపు చెవులు వెళ్ళే పాస్టరు నుండి సంఘ పెద్దలకు సంతకాలతో చేతులు మారాలి. వివాహ రిజిస్టరులో ఒక నమోదు తప్పిపోతే ఆ కుటుంబం ధ్రువపత్రాల కోసం ఏళ్ళ తరబడి తిరగవలసి వస్తుంది.

ఆత్మీయ పునరుద్ధరణ

ఫిలిప్ యాకబ్ స్పేనర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాస్టరుగా ఉంటూ 1670లో తన ఇంటిలో చిన్న భక్తి సమూహాన్ని ప్రారంభించాడు. 1675లో ప్రచురించిన పియా డెసిడేరియా అనే పుస్తకంలో సంఘ పునరుద్ధరణకు మార్గాలు సూచించాడు. బైబిలు పఠనం విరివిగా జరగాలని, విశ్వాసులందరూ యాజకులే అన్న లూథర్ బోధను ఆచరణలో పెట్టాలని, క్రైస్తవ్యం తెలుసుకోవడమే కాక ఆచరించవలసినదని అతడు వాదించాడు. ఈ భక్తివాద ఉద్యమమే హాలె ద్వారా 1706లో తరంగంబాడికి మిషనరీలను, 1742లో పెన్సిల్వేనియాకు మ్యూలెన్‌బర్గ్‌ను పంపింది.

కాపరి లేని కాలానికి స్పేనర్ సూచనలు బాగా సరిపోతాయి. పాస్టరు ఉన్నప్పుడు నోరు విప్పని సభ్యులు లేఖన పఠనం చేస్తారు, స్త్రీల సమాజం రోగులను పరామర్శిస్తుంది, యువకులు ఆదివారపు బడి నడుపుతారు. ఇవి అవసరం కొద్దీ మొదలవుతాయి. అయితే ఇందులో ఒక ప్రమాదమున్నది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పేనర్ సహచరులలో కొందరు తమ సమూహమే నిజమైన సంఘమని భావించి చర్చి నుండి విడిపోయారు. స్పేనర్ దానిని సమర్థించలేదు. మధ్యకాలంలో పుట్టిన ప్రార్థన గుంపు కొత్త పాస్టరు వచ్చిన తరువాత ఆయనకు తోడుగా ఉంటుందా, పోటీగా మారుతుందా అన్నది ఆ గుంపు నాయకుల మీద, కొంతవరకు పాస్టరు ఓర్పు మీద ఆధారపడి ఉంటుంది. వచ్చీ రాగానే అన్నిటినీ తన చేతిలోకి లాక్కొనే పాస్టరు, సభ్యులు కష్టపడి నేర్చుకొన్నదానిని ఒక్క నెలలో పోగొట్టగలడు.

కొత్త కాపరి రాక

కొత్త పాస్టరును స్వీకరించే ఆరాధనలో బిషప్పు లేదా అతని ప్రతినిధి రెండు పక్షాలకూ ప్రశ్నలు వేస్తాడు. పాస్టరు తన ప్రమాణాన్ని చెప్పిన తరువాత, ఆయనకొరకు ప్రార్థిస్తారా, ఆయనకు తోడ్పడతారా అని సంఘాన్ని అడుగుతారు. సంఘం లేచి నిలబడి జవాబు చెబుతుంది. మొదటి సంవత్సరంలో ఆరాధన క్రమాన్ని, పాటలను మార్చకుండా ఇంటింటికీ తిరగమని అనుభవజ్ఞులు కొత్త పాస్టర్లకు చెబుతుంటారు. ముందుగా వెళ్ళవలసినది మంచం పట్టిన వృద్ధుల ఇళ్ళకు, మధ్యకాలంలో ఎవరినైనా పోగొట్టుకొన్న కుటుంబాల ఇళ్ళకు. ఆ కుటుంబాల పేర్లు సమాధి రిజిస్టరులో చివరి పుటలలో ఉంటాయి.